ముందు మీటరు, తర్వాతే స్పానరు

పాత బండికి చార్జింగ్ పట్టడం లేదంటే ఈ రోజుల్లో మెకానిక్ నోట మొదట వచ్చే మాట ‘మార్చేద్దాం’. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలోనూ అదే మాట, మన విజయవాడ ఆటోనగర్‌లోనూ అదే మాట. ఏం పాడైందో తేలకముందే ఏం కొనాలో తేలిపోతుంది. నా ఉద్యోగమంతా ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో, ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో గడిచింది. 210 మెగావాట్ల జనరేటర్ ట్రిప్ అయితే ‘మార్చేద్దాం సార్’ అన్న ఇంజినీరును నేనెప్పుడూ చూడలేదు. మార్చాలంటే కొత్తది ఎక్కడినుంచి తెస్తాం? ఎన్ని నెలలు యూనిట్ ఆపుకుంటాం? అందుకని వెతికేవాళ్లం. రిలే ఏం చెప్పిందో చూసి, మెగ్గర్ పెట్టి, మీటరు పెట్టి, తప్పు దొరికేదాకా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోయేవాళ్లం. పెద్ద యంత్రం విషయంలో తప్పనిసరి అయిన ఈ క్రమశిక్షణ చిన్న యంత్రం దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఎగిరిపోతోందన్నదే నా ప్రశ్న.

చిన్నది కాబట్టి, చవక కాబట్టి అంటారు. నాకు అలా అనిపించదు. మనం సామానుకు డబ్బులిస్తాం, తప్పు పట్టుకున్న తెలివికి ఇవ్వం. అసలు జబ్బు అక్కడుంది. దీన్ని ఒక పాత స్పోర్ట్స్ కారు ఆల్టర్నేటర్ సాక్షిగా చెబుతాను.

కారు మా అల్లుడిది. కోవెంట్రీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో చేతులకు గ్రీజు పూసుకునే సరదా ఉన్నవాడు. 1971 మోడల్ ఎంజీబీ జీటీ, ముదురాకుపచ్చ రంగు. ఎంజీబీ కార్లను ఆబింగ్‌డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 దాకా తయారు చేశారు. జీటీలతో కలిపి 5 లక్షలకు పైనే బయటికొచ్చాయి. కోటీశ్వరులకు మాత్రమే దక్కే కారు కాదది, మధ్యతరగతి మనిషి కూడా కొనుక్కోగలిగిన సరదా. మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడు ఆ ఇంజిను నాకు బాగా తెలిసినదే అనిపించింది. అందులో ఉన్నది బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ ఇంజిను, 1798 సీసీ. మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు తిరిగిన 1489 సీసీ పెట్రోలు ఇంజిను కూడా ఆ సిరీస్‌దే. కలెక్టరు గారి తెల్లకారుకూ, ఇంగ్లండ్ కుర్రాళ్ల షోకు కారుకూ గుండెకాయ ఒకే కుటుంబం నుంచి వచ్చిందన్నమాట. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కానీ, ఆ ఇంజిను విప్పిన చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి.

తొలినాళ్ల ఎంజీబీల్లో ఉన్నది డైనమో. లూకాస్ కంపెనీ సీ40, గరిష్ఠంగా 22 ఆంపియర్లు. పాజిటివ్ ఎర్తు. సీట్ల వెనక, నేల కింద 6 వోల్టుల బ్యాటరీలు రెండు. డైనమోలో కరెంటు తిరిగే ఆర్మేచర్‌లో పుడుతుంది. పుట్టిందంతా కమ్యూటేటర్ మీదుగా, కార్బన్ల మీదుగా బయటికి రావాలి. సిగ్నల్ దగ్గర ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చార్జింగ్ దాదాపు ఉండదు, హెడ్‌లైట్లు మసకబారతాయి. మరీ వేగంగా తిప్పుదామా అంటే కమ్యూటేటర్ తట్టుకోదు. ఆల్టర్నేటర్ ఈ ఏర్పాటును తిరగేసింది. బరువైన కరెంటు కదలకుండా కూర్చున్న స్టేటర్‌లో పుడుతుంది. తిరిగే రోటర్‌కు కార్బన్లు మోయాల్సింది 3 ఆంపియర్ల ఫీల్డు కరెంటే. మూడు ఫేజుల ఏసీని డీసీ చేసే సిలికాన్ డయోడ్లు చవకయ్యాకే ఇది కార్లలోకి రాగలిగింది. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960 మోడల్ వేలియంట్‌తో దారి వేసింది. ఎంజీబీకి 1967 చివర్లో, మార్క్ 2తో పాటు వచ్చింది. ముందు 16ఏసీ. తర్వాత రెగ్యులేటర్‌ను, అంటే మన మెకానిక్కులు కటౌట్ అనేదాన్ని, లోపలే ఇముడ్చుకున్న 16ఏసీఆర్, 34 ఆంపియర్లది. ఆ తర్వాత 36 ఆంపియర్ల 17ఏసీఆర్. బండి ఎర్తు కూడా మార్క్ 2తోనే నెగటివ్‌కు మారింది.

ఇబ్రహీంపట్నం జనరేటర్‌కూ దీనికీ సూత్రంలో తేడా లేదు. అక్కడ 3000 ఆర్‌పీఎం, 15.75 కిలోవోల్టులు, చల్లబరచడానికి హైడ్రోజన్ వాయువు. ఇక్కడ 14 వోల్టులు, పుల్లీ వెనక ఒక రేకు ఫ్యాను. రెండు చోట్లా రోటర్‌కు ఫీల్డు ఇస్తాం, స్టేటర్ నుంచి మూడు ఫేజులు తీసుకుంటాం. అందుకే దీన్ని చూసి నేను జంకలేదు.

జబ్బు లక్షణాలు ఇవి. రాత్రి హెడ్‌లైట్లు వేసి నడుపుతుంటే డాష్‌బోర్డు మీద ఇగ్నిషన్ ఎర్రలైటు సన్నగా మినుకుమంటోంది. పగలు ఆ జాడే లేదు. నాలుగు రోజులు రాత్రిపూట తిప్పితే ఐదోరోజు పొద్దున సెల్ఫ్ మూలుగుతోంది. మా అల్లుడు బండిని దగ్గర్లోని ఒక గ్యారేజీకి తీసుకెళ్లి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

“ఆల్టర్నేటర్ పోయిందట మావయ్య గారూ. డెబ్బై ఆంపియర్లది కొత్తది బిగిస్తే ఇక జన్మలో ఇబ్బంది ఉండదట.”

“మీటరు పెట్టి చూశారా అల్లుడు గారూ?”

“లేదండీ. లైటు వెలుగుతోంది కదా, ఇంకేం చూడాలి అన్నారు.”

అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆ ఎర్రలైటు ఏం చెబుతుందో ముందు తెలుసుకోవాలి. దాని ఒక కాలు తాళం స్విచ్చి ద్వారా బ్యాటరీ వైపు ఉంటుంది. రెండో కాలు గోధుమ-పసుపు చారల తీగ ద్వారా ఆల్టర్నేటర్‌లోని మూడు చిన్న ఫీల్డు డయోడ్ల వైపు ఉంటుంది. రెండు వైపులా వోల్టేజీ సమానమైతే లైటు ఆరిపోతుంది. తేడా వస్తే వెలుగుతుంది. ఎటువైపు ఎక్కువ, ఎటువైపు తక్కువ అన్నది దానికి పట్టదు. అంటే ఆల్టర్నేటర్ చచ్చినా వెలుగుతుంది. ఆల్టర్నేటర్ బాగానే ఉండి, అది పుట్టించిన కరెంటు బ్యాటరీకి చేరకపోయినా వెలుగుతుంది. ‘లైటు వెలుగుతోంది కాబట్టి ఆల్టర్నేటర్ పోయింది’ అన్న తీర్పులో సగం కేసు విననేలేదు.

ఇంజిను రేసు కొంచెం పెంచి ఉంచమని, హెడ్‌లైట్లు వేయించి మీటరు పెట్టాను. ఆల్టర్నేటర్ వెనక టెర్మినల్ దగ్గర 14.4 వోల్టులు. అంతకంటే ఆరోగ్యం ఏం కావాలి? బ్యాటరీల దగ్గరికెళ్లి చూస్తే 12.5. మధ్యదారిలో 1.9 వోల్టులు ఎవరో తినేస్తున్నారు. మీటరు ఒక ముల్లు టెర్మినల్ మీద ఉంచి, రెండోదాన్ని లావు గోధుమరంగు తీగ వెంబడి జరుపుకుంటూ పోతే దొంగ మొదటి మలుపులోనే దొరికాడు. ఆల్టర్నేటర్ వెనక గుచ్చుకునే ప్లగ్గు. లోపలి ఇత్తడి క్లిప్పు వదులై నల్లబడింది, ప్లాస్టిక్ కరిగి ఒక పక్కకు ఒరిగింది. ఆ దారిలో 16 ఆంపియర్లు పోతున్నాయనుకున్నా, 1.9 వోల్టులతో గుణిస్తే 30 వాట్ల వేడి. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు ఉండే వేడి అది. ఆ ప్లగ్గులో ఒక సోల్డరింగ్ ఐరన్ రోజూ రాత్రిళ్లు వెలుగుతోందన్నమాట.

తీగను తళతళలాడే రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త క్లిప్పులు క్రింపు చేసి గుచ్చాం. మధ్యదారి నష్టం 0.2 వోల్టులకు దిగింది. ఎర్రలైటు పూర్తిగా ఆరిపోయింది. పోయిందన్న ఆల్టర్నేటర్ పోలేదు.

గ్యారేజీ సలహా విని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అదే కాలిన ప్లగ్గుకు, అదే పాత తీగకు 70 ఆంపియర్ల మిషను తగిలించేవారు. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంటర్మీడియట్ పిల్లవాడికి కూడా తెలుసు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. బ్యాటరీ బాగా దిగిపోయిన ఒక చలి ఉదయం ఆ కొత్త మిషను తన సత్తా చూపించబోతే, ముందు ఆ ప్లగ్గు అంటుకునేది. పక్కనే పెట్రోలు పైపు ఉన్న బండిలో అది చిన్న విషయం కాదు. రోగం తెలియకుండా చేసిన వైద్యం రోగాన్ని అక్కడే ఉంచి, దాని బలం పెంచేది.

ఎలాగూ చెయ్యి పెట్టాం కదా అని ఆల్టర్నేటర్‌ను కూడా దించి చూశాం. నిజంగా పాడయ్యేవి అందులో ఏమేమిటో పాఠకులకు చెప్పాలి, ఎందుకంటే ‘ఆల్టర్నేటర్ పోవడం’ అనేది ఒక్క జబ్బు కాదు.

మొదట అరిగేవి కార్బన్లు. నొక్కకుండా వదిలేసినప్పుడు, బ్రష్ పెట్టె అంచునుంచి 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ బయటికొస్తే మార్చాలని వర్క్‌షాప్ మాన్యువల్ లెక్క. మా అల్లుడి బండిలో ఒకటి ఆ గీత దాటిపోయింది. కొద్ది పౌండ్ల ఖర్చు, రెండు చిన్న స్క్రూల పని. స్లిప్ రింగుల మీద పేరుకున్న నలుపును సన్నని గరుకు కాగితంతో తుడిచాం. థర్మల్ స్టేషన్‌లో స్టాటిక్ ఎక్సైటేషన్ ఉన్న జనరేటర్‌కు కూడా కార్బన్ బ్రష్‌లే ఫీల్డు అందిస్తాయి. అరిగినవాటిని మారుస్తూనే ఉంటాం. అది దైనందిన పని. కార్బన్ అరిగిందని జనరేటర్‌ను తుక్కుకు వేస్తే మమ్మల్ని ఏమనేవారు?

తర్వాత బేరింగులు. బెల్టు తీసేసి పుల్లీని చేత్తో తిప్పితే గరగర తెలుస్తుంది. తర్వాత డయోడ్లు. 16ఏసీఆర్‌లో తొమ్మిది ఉంటాయి: బరువు మోసేవి ఆరు, ఫీల్డుకు మూడు. బ్యాటరీ, చిన్న బల్బు సాయంతో ఒక్కొక్కదాన్ని పరీక్షించవచ్చు. కరెంటు ఒకవైపే పోతే మంచిది. రెండు వైపులా పోయినా, ఏ వైపూ పోకపోయినా చెడ్డది. రెగ్యులేటర్ పోతే దాన్నొక్కదాన్నే మార్చవచ్చు. స్టేటర్ వైండింగ్ కాలిందంటే వాసనే చెబుతుంది. ఒక్క ఆ చివరి సందర్భంలోనే, అదీ రోటర్ కూడా పోయి ఉంటేనే, మొత్తం మార్చడం గురించి మాట్లాడాలి.

ఆల్టర్నేటర్ లోపల ఏ తప్పూ లేకుండానే చార్జింగ్ ఆగిపోయే దారులు ఇంకా కొన్ని ఉన్నాయి. డాష్‌బోర్డులోని ఎర్రలైటు బల్బు 2.2 వాట్లది. మొదట్లో రోటర్‌కు ఫీల్డు అందించేది దాని గుండా వచ్చే చిటికెడు కరెంటే. ఆ బల్బు మాడిపోతే, ఇంజినును బాగా రేసు చేసేదాకా ఆల్టర్నేటర్ నిద్ర లేవకపోవచ్చు. తాళం తిప్పగానే, ఇంజిను స్టార్ట్ కాకముందు ఆ లైటు వెలుగుతోందా లేదా అని చూడడం మొదటి పరీక్ష. అప్పుడు పుల్లీ నట్టు దగ్గరికి సన్నని స్క్రూడ్రైవర్ తీసుకెళ్తే కొద్దిగా లాగాలి. లాగితే ఫీల్డు వస్తున్నట్టే. వెనకవైపు ఒక సర్జ్ డయోడ్ ఉంటుంది. అది షార్ట్ అయితే మిషను మొత్తం చచ్చినట్టు కనిపిస్తుంది. దాని తీగ ఒక్కటి ఊడదీసి చూస్తే చార్జింగ్ తిరిగొస్తుంది. బెల్టు వదులైతే బరువు పడినప్పుడు జారుతుంది. పొడవైన వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే 13 మిల్లీమీటర్ల వరకు వంగాలి, అంతకు మించకూడదు. ఇంజినుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్తు పట్టీ తుప్పుపడితే అన్ని లక్షణాలూ కలిసికట్టుగా కనిపిస్తాయి. వీటిలో దేనికీ పెద్ద పనిముట్లు అక్కర్లేదు. ఒక మల్టీమీటరు, ఒక బల్బు, కాస్త ఓపిక చాలు.

బ్రిటిష్ కార్ల అభిమానుల్లో లూకాస్ మీద జోకులకు లెక్కలేదు. ఆ కంపెనీకి ‘చీకటి రాకుమారుడు’ అని బిరుదు. లూకాస్ బర్మింగ్‌హామ్ కంపెనీ, గ్రేట్ కింగ్ స్ట్రీట్ దాని చిరునామా. 1996లో వేరిటీలో కలిసి, 1999లో టీఆర్‌డబ్ల్యూ చేతికి పోయింది. కంపెనీ లేకుండాపోయినా జోకు మాత్రం మిగిలింది. ఆ జోకులో నిజం లేకపోలేదు, కానీ యాభై ఏళ్లపాటు వాన, ఉప్పు, చలి తగిలిన ఇత్తడి క్లిప్పును ఒక్కసారీ శుభ్రం చేయకుండా తయారీదారును తిట్టడం ఏం న్యాయం? మా అల్లుడి బండి మీదున్న 16ఏసీఆర్ ఇవాళ్టికీ 14.4 వోల్టులు ఇస్తోంది. దోషం దాని పక్కన నిర్లక్ష్యంగా వదిలేసిన ప్లగ్గుది.

అయితే ఏమీ మార్చకూడదు, పాతదే పరమపవిత్రం అనే ఛాందసం నాకు లేదు. మార్చవలసిన సందర్భాలు ఉన్నాయి. కాకపోతే లెక్క కట్టి మార్చాలి. ఎంజీబీ మీద రాత్రిపూట పడే బరువు సుమారుగా చూద్దాం. హెడ్‌లైట్లు 110 వాట్లు, మిగతా చిన్న లైట్లు 30, ఇగ్నిషన్ 45, వైపర్లు 40, హీటర్ ఫ్యాను 50. అంతా కలిపి 275 వాట్లు, 14 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు. పాత 22 ఆంపియర్ల డైనమోకు ఇది ఊపిరాడని పని. అందుకే డైనమో బండివాళ్లు ఆల్టర్నేటర్‌కు మారతామంటే కాదనను. మారేటప్పుడు ఎర్తును నెగటివ్‌కు మార్చాలి, కాయిల్ తీగలు తారుమారు చేయాలి, ఇంజిను వేగం చూపే మీటరు లోపలి వైరింగ్ కూడా సవరించాలి. పైకి డైనమోలా కనిపిస్తూ లోపల ఆల్టర్నేటర్ ఉండేవి కూడా బజారులో దొరుకుతున్నాయి. రూపం చెడకూడదనుకునేవారికి అదొక దారి.

34 ఆంపియర్ల 16ఏసీఆర్‌కు మాత్రం ఆ 20 ఆంపియర్లు భారం కాదు, బ్యాటరీకి మిగులు కూడా ఉంటుంది. రేడియేటర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టి, వెనక అద్దానికి హీటర్ కూడా ఉంటే మరో 18 ఆంపియర్లు వచ్చి పడవచ్చు. అప్పుడు 38 అవుతుంది, 34 చాలదు. దానికి మందు అదే కుటుంబంలోని 18ఏసీఆర్, 45 ఆంపియర్లకు అటూ ఇటూగా ఇస్తుంది, పాత బ్రాకెట్‌లోనే కూర్చుంటుంది. దాంతోపాటు లావు తీగ ఒకటి కొత్తగా లాగి, దానికి ఫ్యూజు పెట్టాలి. 70 ఆంపియర్లు ఎవరికి కావాలి? ఆల్టర్నేటర్ మీద రాసి ఉన్న అంకె అది ఇవ్వగలిగినంతే. బండి లాక్కున్నంతే అది ఇస్తుంది. 20 లాక్కునే బండికి 70 ఇవ్వగల మిషను బిగిస్తే లాభం సున్నా. నిజంగా 70 లాగినరోజు 14 వోల్టుల దగ్గర 980 వాట్లు కావాలి. ఇలాంటి మిషన్ల సామర్థ్యం సగానికి కాస్త ఎక్కువ కాబట్టి, ఆ సన్నని బెల్టు మీద పడే బరువు 2.5 హార్స్‌పవర్‌కు దగ్గరవుతుంది. బెల్టూ, నీళ్ల పంపు బేరింగూ ఆ శిక్ష అనుభవించాలి. అంకె పెద్దదైతే భద్రత పెద్దదనుకోవడం బజారు మనకు నేర్పిన భ్రమ.

ఇక్కడ ఇంకొక దోపిడీ గురించి చెప్పాలి. ఇంగ్లండ్‌లో ‘ఎక్స్‌ఛేంజ్’ పద్ధతి ఉంది. పాత మిషను ఇచ్చి, కొంత డబ్బు కట్టి, బాగుచేసిన మరొకటి తీసుకోవడం. నిజాయితీగా చేసేవాళ్ల దగ్గర అది మంచి ఏర్పాటే. కానీ పైన వెండి రంగు పూసి, లోపల ఒక కార్బన్ మార్చి పెట్టెలో సర్దినవీ ఉంటాయి. మన చేతిలోంచి పోయేది అసలు లూకాస్ మిషను, ఒరిజినల్ స్టేటర్, ఒరిజినల్ రోటర్. వచ్చేది ఎవరిదో, ఏ బండిదో. ఎంత చార్జింగ్ ఇస్తోందో కొలిచి రాసిన చీటీ లేని ఎక్స్‌ఛేంజ్ మిషనుకు మన సొంతదాన్ని వదులుకోకూడదు.

ఇక మన దగ్గరి సంగతి. లూకాస్ కంపెనీ టీవీఎస్ వారితో కలిసి 1961లో చెన్నైలోని పాడిలో లూకాస్-టీవీఎస్‌ను పెట్టింది. మన లారీలు, ట్రాక్టర్ల సెల్ఫ్‌లూ డైనమోలూ విప్పి నేర్చుకున్న తరం ఆటోనగర్‌లో ఉంది. కాలిన ఆర్మేచర్‌ను చుట్టు చుట్టు లెక్కపెట్టి విప్పి, అన్నే చుట్లు తిరిగి చుట్టగలిగిన చేతులవి. ఇంగ్లండ్‌లో అలాంటి పనివాడు దొరకడమే కష్టం, దొరికితే అతని ముందు వరుస ఉంటుంది. మన దగ్గర ఇంకా ఉన్నారు. మనకున్న సంపదల్లో అదొకటి.

ఆ సంపదకూ చెదలు ఉన్నాయి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, ‘ఇంజిను ఆగలేదు, డైనమో బాగుంది’ అని తేల్చే పద్ధతి మన దగ్గర ఇప్పటికీ పోలేదు. డైనమో కాలంలో అది చెల్లిందేమో కానీ, ఆల్టర్నేటర్ మీద అలా చేస్తే ఒక్కసారిగా వోల్టేజీ ఎగబాకి డయోడ్లనూ రెగ్యులేటర్‌నూ కాల్చేస్తుంది. ఈనాటి కార్లలోనైతే కంప్యూటర్ పెట్టెలు కూడా పోతాయి. పరీక్ష పేరుతో హత్య అది. చేతిపని గొప్పదే, దానికి కొలత తోడు కావాలి. ఐటీఐల్లో ఆటో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు ఉంది. అందులో చేరిన ప్రతి కుర్రవాడూ బరువు వేసి వోల్టేజీ నష్టం కొలవడం, డయోడ్ పరీక్షించడం చేతులతో చేసి చూపించాకే సర్టిఫికెట్ ఇవ్వాలి. స్క్రూలు విప్పడం ఎవరైనా నేర్చుకుంటారు, ఏ స్క్రూ విప్పనక్కర్లేదో తెలియడమే విద్య.

బాగుచేసుకునే హక్కు గురించి ప్రభుత్వాలు ఇప్పుడు మాట్లాడుతున్నాయి, సంతోషం. బ్రిటన్‌లో 2021 నుంచి వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు వంటివాటికి విడిభాగాలు ఏళ్ల తరబడి అందుబాటులో ఉంచాలని నిబంధన వచ్చింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఇదే పని మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. మాన్యువల్ ఇవ్వాలి, విడిభాగం ఇవ్వాలి, బయటి మెకానిక్‌ను అడ్డుకోకూడదు, ఇవన్నీ కావలసినవే. ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీ మూతపడి 4 దశాబ్దాలు దాటినా ఎంజీబీలు రోడ్డు మీద తిరుగుతున్నాయంటే కారణం అదే: ప్రతి తీగ రంగూ రాసిన మాన్యువల్ దొరుకుతుంది, ప్రతి కార్బనూ బజారులో దొరుకుతుంది. మన చేతిలో ఉన్న నిన్నటి కారుకు ఆ రెండూ దొరకని పరిస్థితి ఉండడం సిగ్గుచేటు.

కానీ చట్టం ఎంత మంచిదైనా, తప్పు పట్టుకునేవాడు ఆకలితో ఉంటే అది కాగితమే. మన బిల్లులు చూడండి. సామాను ధర ఉంటుంది, బిగింపు కూలి ఉంటుంది. కనుక్కున్నందుకు ఏమీ ఉండదు. అరగంట మీటరు పట్టుకుని, వదులైన ప్లగ్గు పట్టుకుని, రెండు క్లిప్పులు వేసిన మెకానిక్ ఐదొందలు అడిగితే ‘ఈ మాత్రం దానికా?’ అని బేరమాడతాం. అదే మనిషి వేల రూపాయల కొత్త ఆల్టర్నేటర్ బిగిస్తే కిక్కురుమనకుండా ఇస్తాం, పైగా ‘గ్యారెంటీ ఉంది’ అని సంతోషిస్తాం. అతనికి కమీషన్ మిగిలేది ఎందులో? ఏ పని చేయమని మనమే అతనికి నేర్పుతున్నాం? కోవెంట్రీ గ్యారేజీనీ ఆటోనగర్ షెడ్డునూ తిట్టే ముందు ఈ లెక్క చూసుకోవాలి. నిజాయితీగా వెతికినవాడు నష్టపోయే బజారును కస్టమర్లే తయారు చేశారు.

అందుకే నేను అడిగేది మూడు మాటలు. ఒకటి, బండి ఇచ్చేటప్పుడే ‘చూసినందుకు ఇంత’ అని వేరుగా ఒప్పుకోండి, సామాను మార్చినా మార్చకపోయినా అది ఇవ్వండి. రెండు, బిల్లు మీద కొలతలు రాయించుకోండి: ఆల్టర్నేటర్ దగ్గర ఎన్ని వోల్టులు, బ్యాటరీ దగ్గర ఎన్ని, లైట్లు వేసినప్పుడు ఎన్ని. ఆ మూడు అంకెలు రాయలేని చోట బండి విప్పనివ్వకండి. మూడు, మార్చిన ప్రతి పాత సామానూ తిరిగి చేతికి తీసుకోండి, అందులో ఏం పోయిందో చూపించమనండి. ప్రభుత్వం బాగుచేసుకునే హక్కుకు నిబంధనలు రాసేటప్పుడు ఈ మూడింటినీ గుర్తింపు పొందిన వర్క్‌షాపుల బిల్లు నమూనాలోనే పెట్టవచ్చు. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు, బిల్లు కాగితం మీద రెండు గీతలు చాలు. మీటరు పట్టినవాడికి స్పానరు పట్టినవాడి కంటే ఒక రూపాయి ఎక్కువ దక్కిన రోజున, మన మెకానిక్కులే ‘మార్చేద్దాం’ అనడం మానేస్తారు.